తెర పడేసరికి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది

ఆ రోజు నేను కాగితాలు తారుమారు చేసుకోలేదు. స్టేజి పక్కన వింగులో వెలుతురు చాలలేదన్నది కూడా నిజం కాదు. నా పక్కన జపాను దీపం ధగధగా వెలుగుతోంది. సూపరింటెండెంటుగారికి ఆ మాట నేను కావాలనే అందించాను. ఇది మా అమ్మకు చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు, చివరికి నా డైరీకి కూడా చెప్పలేదు. ఆ తేదీ కింద డైరీలో "నాటకం అయింది. ఇంట్లో చేపల పులుసు" అని మాత్రమే ఉంది. డైరీ రాసేవాళ్ళు అన్నీ రాస్తారనుకోవడం డైరీ రాయనివాళ్ళ భ్రమ.

జ్ఞాపకాలు రాయాలంటే ముందు రిటైరవాలని ఒక అభిప్రాయం ఉంది. నేను రిటైరవలేదు, రాజీనామా చేశాను. ఉక్కునగరంలో వేరే ఉద్యోగంలో చేరబోతున్నాను. జుట్టు ఇంకా నల్లగానే ఉంది. కానీ నా టైపు మిషను ముందు ఇక కూర్చోబోయే అమ్మాయి నిన్న నన్ను అడిగింది, "ఇక్కడ మనుషులు మంచివాళ్ళేనా అండీ?" అని. నేను తల ఊపాను. అవునో కాదో తేలకుండా ఊపాను. నలుగురి ముందు నోరు పెగలని మనిషిని. అందుకని ఆ జవాబు కాగితం మీద చెబుతున్నాను, ఆ అమ్మాయికీ, కొత్తగా ఉద్యోగాల్లోకి వస్తున్న మీ అందరికీ.

మాది ఓడల్లోకి సరుకు ఎక్కించే, ఓడల్లోంచి సరుకు దించే కంపెనీ. ఆఫీసు హార్బరు పక్కనే. కిటికీ తెరిస్తే ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము వచ్చి టైపు మిషను అక్షరాల మధ్య కూర్చునేది, మూస్తే ఊపిరాడేది కాదు. నేను గాజువాక నుంచి బస్సులో నిలబడి వచ్చేదాన్ని. నిలబడి కూడా నవలలు చదవొచ్చని ఆ బస్సే నేర్పింది.

డెబ్బైల చివరి సంగతి. మా పొలం ఉక్కు ఫ్యాక్టరీ కిందకి పోయింది. ఫ్యాక్టరీ ఇంకా లేవలేదు. నాన్నకి ఇటు పొలమూ లేదు, అటు ఫ్యాక్టరీలో ఉద్యోగమూ లేదు. ఇంట్లో వచ్చే జీతం నాదొక్కటే, అదీ టెంపరరీ. కొన్ని నెలలకు ఒక ఉత్తర్వు ఇచ్చేవారు. అది ముగిసిన మర్నాడు ఇంటికి పంపేసి, ఆ మర్నాడు మళ్ళీ కొత్త ఉత్తర్వు ఇచ్చేవారు. మధ్యలో ఉన్న ఆ ఒక్క రోజు నేను నిరుద్యోగిని. ఆ రోజు నాన్న నాతో మాట్లాడేవాడు కాదు. ఆయన కోపం నా మీద కాదనీ, ఆ రోజు మీదనీ తెలుసు.

ఆ ఏడు నన్ను పర్మినెంటు చేస్తారని అందరూ అన్నారు. అందుకు ఆఫీసు సూపరింటెండెంటుగారి సిఫార్సు ఒక్కటి చాలు. ధైర్యం చేసి ఆయన గుమ్మం ముందు నిలబడితే, నేను నోరు తెరవకముందే ఆయన అన్నారు: "తెలుసమ్మా, తెలుసు. ముందు నాటకం కానీ. తర్వాత చూద్దాం."

నాటకం అంటే ఏటా హార్బరు ఆఫీసుల మధ్య జరిగే పోటీ. మా ఆఫీసుకి ఎప్పుడూ బహుమతి రాలేదు. దానికి ప్రధాన కారణం సూపరింటెండెంటుగారే ఎప్పుడూ హీరో కావడం. గొప్ప గొంతు, రంగు వేసిన జుట్టు, విశాలమైన ఛాతీ, అన్నీ ఉన్నాయి. లేనిది జ్ఞాపకశక్తి. ఒక్క మాట కూడా కంఠస్థం చేసేవారు కాదు. వింగులో కూర్చుని ప్రతి మాటా నేనే అందించాలి. నేను గుసగుసగా చెప్పింది ఆయన గర్జించేవారు. ఏం చెబితే అది గర్జించేవారు. ఒకసారి రిహార్సల్లో నాకు తుమ్ము వస్తే ఆయన కూడా తుమ్మారు. ఆ తుమ్ము బాగా పండిందని క్యాషియరుగారు మెచ్చుకున్నారు కూడా.

నాకు ఆ పని ఇష్టం. ఎవరికీ కనబడకుండా ఇంతమందితో మాట్లాడించే పని ఇంకెక్కడ దొరుకుతుంది?

నాటకం రాసింది మా ట్యాలీ గుమాస్తా. ఓడ పక్కన నిలబడి, దిగిన బస్తాలు లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. ఎండలో గొడుగేసుకుని, బస్తాల మధ్య సందు దొరికినప్పుడు నాటకం రాశాడు. పేరు "చోటులేని ఇల్లు". ఓ హార్బరు గుమాస్తాకి ఓడ కెప్టెను ఒక గోడ గడియారం బహుమానం ఇస్తాడు. అక్కడ మొదలు. తర్వాత టేపు రికార్డరు, ఫ్యాను, ఫ్లాస్కు, చీరలు, దీపాలు. సామాను పెట్టడానికి చోటు కోసం ముసలి మావగారి మంచం వరండాలోకి వెళ్తుంది. ఆయన వానలో తడిసి రెండో రంగంలో పోతాడు. ఒక సాధువు భిక్షకు వచ్చి, ఇంట్లో కాలు పెట్టే చోటు లేక వెనక్కి పోతాడు. భార్య కట్టుబట్టలతో వెళ్ళిపోతుంది. ఆఖర్న గుమాస్తా వీధి తలుపు బార్లా తెరిచి అరుస్తాడు: "రండి! పట్టుకుపోండి! అన్నీ పట్టుకుపోండి! నాకు కూచోడానికి చోటు కావాలి!" ఎవరూ రారు. తెర.

మొదటిసారి టైపు చేస్తున్నప్పుడు ఆ చివరి మాట దగ్గర నా వేళ్ళు ఆగాయి. నేను అప్పటికే చాలా పుస్తకాలు చదివినదాన్ని, ఊరికే ఆగే వేళ్ళు కావు. ట్యాలీ గుమాస్తా నా బల్ల పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఏటి గుంటా, బాగునేదా?"

"బాగుందండీ."

"బాగుందంటే ఏటి? టీ బాగుందన్నట్టు సెప్తన్నావు."

"నాకు ఇంట్లో కూర్చోడానికి భయమేసిందండీ" అన్నాను. నాకు అది చాలా పెద్ద ఉపన్యాసం. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు తీసుకుని గబగబా ఓడ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇక్కడిదాకా అందరూ మంచివాళ్ళే. చెడింది సామాను వచ్చాక.

ఓడలకి కూరగాయలూ మాంసమూ సప్లై చేసే షావుకారు ఒకాయన ఉండేవాడు. ఏ ఓడ ఎప్పుడు రేవులోకి వస్తుందో మా ఆఫీసుకి ముందు తెలుస్తుంది. ఆ కబురు తనకి అందరికన్నా ముందు అందాలని ఆయన కోరిక. అందుకని నాటకానికి కావలసిన సామాను తానే ఇస్తానన్నాడు. అట్టముక్కలతో చేసిన గడియారం, పెట్టెకి రంగు వేసిన రేడియో, ఇవి మా అలవాటు. ఆయన పంపినవి నిజమైనవి. ఓడ కళాసుల దగ్గర సుంకం కట్టకుండా కొన్నవి. పెట్టె మూత తియ్యగానే ఒక వాసన వచ్చింది, కొత్త ప్లాస్టిక్కూ, అత్తరూ, సముద్రం అవతలి ఊళ్ళూ కలిసిన వాసన. టేపు రికార్డరు మీట నొక్కితే మూత మెల్లగా, మర్యాదగా లేచింది. ఆఫీసంతా ఊపిరి బిగబట్టింది. ఇక్కడి వస్తువులేవీ అంత మర్యాదగా తెరుచుకోవు.

"వాడుకోండి బాబూ" అన్నాడు షావుకారు. "నాటకం అయినాక నాకు తిరిగివ్వక్కర్నేదు. మీలో మీరే పంచుకోండి."

ఆ ఒక్క ముక్కతో మా నాటక సమాజం సర్వనాశనమైంది.

ఆ సాయంత్రం రిహార్సలు జరగలేదు, పంచాయితీ జరిగింది. ఎవరికి ఏది? సీనియారిటీ ప్రకారమా? పాత్ర నిడివి ప్రకారమా? చీట్లు వేద్దామా? క్యాషియరుగారు చీట్లు తానే రాస్తానన్నారు, అందువల్ల ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి సూపరింటెండెంటుగారు బల్ల గుద్ది తీర్పు చెప్పారు: "కళాకారులం మనం. కళ ప్రకారమే పోదాం. తెర పడేసరికి ఎవరి చేతిలో ఏ వస్తువు ఉంటే అది వాళ్ళది. అప్పీలు లేదు."

చాలా న్యాయంగా ఉందని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మర్నాడు పొద్దున్న క్యాషియరుగారు ట్యాలీ గుమాస్తాని పక్కకి పిలిచారు. క్యాషియరుగారిది మావగారి పాత్ర, రెండో రంగంలో చచ్చిపోయేది.

"ఏమయ్యా రచయితా, నేను చావడం అంత అవసరమా?"

"మరేటండి, సావకపోతే అల్లుడికి బుద్ధెలాగొస్తాది?"

"చావుబతుకుల్లో ఉన్నా బుద్ధి వస్తుంది కదా. నేను స్పృహ తప్పుతాను. మూడో రంగంలో తెలివొస్తుంది. ఆఖర్న గోడ గడియారం ఒళ్ళో పెట్టుకుని, 'కాలం విలువైనది నాయనా' అంటాను. ఎంత అర్థముందో చూడు."

మావగారు బతికాడు. నేను ఆ పేజీలు మళ్ళీ టైపు చేశాను.

తర్వాత రచయిత దగ్గరికి మేస్త్రీ వచ్చాడు. ఓడ మీద కూలీల ముఠాని నడిపే మనిషి, గడ్డం సొంతదే కావడం వల్ల సాధువు వేషం ఇచ్చారు. ఆయనకి ఫ్లాస్కు మీద కన్ను పడింది.

"బావా, సాధువు సేతిలో కమండలమెందుకు? అందరూ కమండలమే ఎడతారు. పాతబడిపోయినాది. ఫ్లాస్కెట్టు."

"సాధువుకి ఫ్లాస్కేటి బావా! జనం నవ్వుతారు."

"ఎందుకు నవ్వుతారు? గంగాజలం ఏడిగా ఉంటాది. ఇమాలయాల్లో సలి కాదేటి?"

సాధువుకి ఫ్లాస్కు వచ్చింది. ఇంట్లో చోటు లేక వెళ్ళిపోయిన వాడు కాస్తా మళ్ళీ వచ్చి, చివరిదాకా ఒక మూల నిలబడటం మొదలుపెట్టాడు, ఫ్లాస్కుతో.

టెలిఫోన్ ఆపరేటరు అక్కది భార్య పాత్ర. ఆదివారం చర్చిలో పాడే గొంతు, వారమంతా "నంబర్ ప్లీజ్" అనే గొంతు, రెండూ ఆమెవే. ఆఫీసులో నాతో నవ్వుతూ మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. కట్టుబట్టలతో వెళ్ళిపోయే సీనుకి ఆమె అభ్యంతరం చెప్పలేదు. కాకపోతే ఆ కట్టుబట్ట గులాబీ రంగు నైలాన్ చీర కావాలంది.

"అక్కా, మరి ఆశ వద్దని కదా ఆమె వెళ్ళిపోయేది?" అన్నాను.

"మొగుడొద్దని పోతన్నాను గానీ, చీరొద్దని పోతన్నానేటే?" అంది అక్క. నేను రంగసూచనలో గులాబీ రంగు అని టైపు చేశాను.

ఇక హీరో. సూపరింటెండెంటుగారికి టేపు రికార్డరు కావాలి. కానీ చివరి రంగంలో అన్నీ పట్టుకుపొమ్మని అరవాల్సింది ఆయనే. ఆయన ట్యాలీ గుమాస్తాని గదిలోకి పిలిపించి, తలుపు వేసి మాట్లాడారు. డ్యూటీలు వేసేది ఆయనే, ఏ ఓడకి ఎవరు ఎండలో నిలబడాలో చెప్పేది ఆయనే. బయటికొచ్చాక ట్యాలీ గుమాస్తా నా బల్ల దగ్గర కూర్చుని, ఒక చిన్న కాగితం నా ముందుకు తోశాడు. కొత్త ముగింపు. హీరో టేపు రికార్డరుని గుండెలకి హత్తుకుని చెప్పాలి: "నాకు బుద్ధి వచ్చింది. ఇకమీదట వీటన్నిటినీ మితంగా అనుభవిస్తాను!" తెర.

నేను ఆ కాగితాన్ని మళ్ళీ ఆయన వైపు తోశాను.

"టైపు సెయ్యమ్మా" అన్నాడు.

"ఇది మీ నాటకం కదండీ."

"నా నాటకమే. ఈ ఏడు నాను రాసిన నాటకం ఆడుతున్నారు. స్టేజికి కట్టే గుడ్డ మీద ఎర్రరంగుతో నా పేరు రాస్తారు. నా తమ్ముడు పెందుర్తి నుంచొస్తాడు సూడ్డానికి. నాకదే సాలు." మళ్ళీ అన్నాడు: "ఆళ్ళకి గడియారం మీదాశ, నాకు గుడ్డ మీదాశ. ఏటి తేడా?"

నాకు మాత్రం ఆశ లేదనుకోకండి. ఆ పెట్టెలో ఒక జపాను బల్ల దీపం ఉంది. మెడ ఎటు వంచితే అటు వంగేది. ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, చదువుకునే మనిషి పక్కన తల వంచుకుని కూర్చునే రకం. మా ఇంట్లో ఒకటే బల్బు, దాని కింద నాన్న పడుకునేవాడు. ఆయన కళ్ళ మీద వెలుతురు పడకుండా నేను గోడవైపు తిరిగి చదువుకునేదాన్ని. ఆ దీపాన్ని రోజూ తుడవడానికి ఏదో ఒక వంక వెతుక్కునేదాన్ని. ట్యాలీ గుమాస్తా అది చూశాడు. నేను అడగలేదు. కానీ చివరి రంగంలో ఒక రంగసూచన చేర్చాడు: "తిరిగొచ్చిన భార్య దీపం ఎత్తి వింగులోకి అందిస్తుంది." వింగులో ఉండేది నేనే. నేను వద్దనలేదు. ఆ పంక్తి టైపు చేస్తున్నప్పుడు ఒక్క తప్పు కూడా రాలేదు.

ఇలా మా నాటకం పూర్తయింది. అత్యాశ వల్ల మనిషి ఎలా పాడవుతాడో చూపించాల్సిన నాటకంలో చివరికి అందరూ బతికి, అందరూ ఏదో ఒకటి చేతిలో పట్టుకుని, అందరూ సంతోషంగా ఉన్నారు. అట్ట మీద పేరు మాత్రం మారలేదు.

పోటీ రోజున కాలనీ మైదానంలో పందిరి వేశారు. ముందు వరస కుర్చీల్లో న్యాయనిర్ణేతలు, ముఖ్య అతిథి. ముఖ్య అతిథి కస్టమ్స్‌లో పెద్ద అధికారిగా చేసి రిటైరైన వ్యక్తి. ఆ సంగతి తెలిసి సూపరింటెండెంటుగారు సామానంతా అట్టతో చేసినట్టు కనబడేలా వెనక్కి జరపమన్నారు. ఎవరూ జరపలేదు. ఎవరి వస్తువు వాళ్ళు తమకు అందేంత దగ్గరగా పెట్టుకున్నారు. కుర్చీల వెనక నేల మీద, సరుకు కప్పే టార్పాలిన్లు పరిచి, కూలీలూ కళాసులూ వాళ్ళ ఆడవాళ్ళూ కూర్చున్నారు. మేస్త్రీ ముఠా మొత్తం వచ్చింది.

ట్యాలీ గుమాస్తా రాలేదు. ఆ రోజు రేవులో ఎరువుల ఓడ ఉంది. తానే కోరి ఆ డ్యూటీ వేయించుకున్నాడని అక్క చెప్పింది. గుడ్డ మీద పేరు ఎర్రగా రాసి ఉంది. పెందుర్తి తమ్ముడు ముందుకొచ్చి ఆ పేరుని చేత్తో తడిమి వెళ్ళి కూర్చున్నాడు. చూశాను.

రంగం మీద పెద్ద విశేషాలేమీ లేవు. సాధువు ఫ్లాస్కుతో రాగానే జనం నవ్వారు. మావగారికి స్పృహ వచ్చినప్పుడు ఎవరో "సావరా బాబూ" అని అరిచారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన నిద్రపోతున్నాడు. చివరి రంగం వచ్చింది. అక్క గులాబీ చీరలో వచ్చి, దీపం ఎత్తి, వింగులోకి అందించింది, తీగ ఊడకుండా. దీపం నా పక్కకి వచ్చి వెలిగింది. నా ఒళ్ళోని కాగితాల మీద ఆకుపచ్చ గుండ్రటి వెలుగు పడింది. ఆఖరి పంక్తి స్పష్టంగా కనిపించింది: మితంగా అనుభవిస్తాను.

సూపరింటెండెంటుగారు టేపు రికార్డరుని చంటిపిల్లలా ఎత్తుకుని నా వైపు చూశారు. మాట కోసం. ఆ క్షణంలో నాకు మా నాన్న గుర్తొచ్చాడు, సిఫార్సు గుర్తొచ్చింది, ఆ ఒక్క రోజు నిరుద్యోగం గుర్తొచ్చింది. ఇన్ని గుర్తుకొచ్చాక ఎవరైనా కాగితం మీద ఉన్నది చదివేస్తారు. నేనూ చదవాలనే నోరు తెరిచాను. ఆయన చెయ్యి టేపు రికార్డరు మూతని మెల్లగా నిమురుతోంది. పిల్లాడి తల నిమిరినట్టు నిమురుతోంది. అది చూడకుండా ఉంటే చదివేసేదాన్నేమో.

"రండి" అన్నాను.

"రండి!" అని గర్జించారాయన.

"పట్టుకుపోండి."

"పట్టుకుపోండి!"

"అన్నీ పట్టుకుపోండి. నాకు కూచోడానికి చోటు కావాలి."

ఆయన గొంతు ఆ మైదానంలో ఎంత దూరం వెళ్ళాలో అంత దూరమూ వెళ్ళింది. చెప్పేశాకగానీ తానేం చెప్పారో ఆయన చెవిన పడలేదు. పడ్డాక కళ్ళు గుండ్రంగా అయ్యాయి. పాత నాటకం ప్రకారం, ఎవరూ రాకూడదు.

వచ్చారు.

ముందు ఒక ముసలమ్మ లేచింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, తీరుబడిగా మెట్లెక్కి, టేబుల్ ఫ్యాను చంకనెట్టుకుంది. "పేనాలు సల్లగుండ బాబూ, మా కోడలు నీలాడింది, గుంటడు ఉక్కకి ఏడుత్తన్నాడు" అని దీవించి దిగిపోయింది. అది చూశాక టార్పాలిన్లన్నీ ఖాళీ అయ్యాయి. తోపులాట లేదు, అరుపులు లేవు. వాళ్ళకి రోజూ ఓడల్లోంచి సామాను దించడం అలవాటు, వరసగా వచ్చి వరసగా దించారు. మేస్త్రీ ముఠావాడు ఒకడు సాధువు ముందు నిలబడి చెయ్యి చాచాడు.

"మేస్త్రీ, ఒగ్గియ్యి."

"ఒరే, నాను మేస్త్రీని కాన్రా, సాధువుని!"

"సాధువయితే మరీ ఒగ్గియ్యాల."

క్యాషియరుగారు గడియారాన్ని రెండు చేతులా పట్టుకుని వదలలేదు. ఒక కళాసీ ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి పక్కన పెట్టి, గడియారం తీసుకుని, కుర్చీని మళ్ళీ యథాస్థానంలో దించాడు. అక్క చీర మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు, కట్టుకుంది కాబట్టి. మా అందరిలో ఆ రోజు కళ వల్ల లాభపడింది ఆమె ఒక్కతే.

వింగులోకి ఒకతను తొంగి చూశాడు. ఒళ్ళంతా గోధుమ దుమ్ము. దీపాన్ని చూసి, నన్ను చూసి మొహమాటపడ్డాడు.

"ఇది కూడా నాటకంలోదేనా అమ్మా?"

"ఆ, ఇదీ నాటకంలోదే" అన్నాను. తీగ నేనే ఊడదీసి ఇచ్చాను.

ఇదంతా జరుగుతుంటే సూపరింటెండెంటుగారు మాత్రం పాత్రలోంచి బయటకి రాలేకపోయారు. వస్తే ఏమనాలి? అది నాది, ఇవ్వండి అంటే, ఎక్కడిదని ముందు వరసలో ముఖ్య అతిథి అడుగుతాడు. చివరికి ఆయన చేతిలోంచి టేపు రికార్డరు కూడా వెళ్ళిపోయింది, మూత మర్యాదగా ఊగుతూ. ఆయన రెండు చేతులూ పైకెత్తి "ఆపండి!" అన్నారు. హీరో చెయ్యెత్తితే తెర దించాలని ముందే అనుకున్నాం. తెర పడింది.

తెర వెనక ఖాళీ రంగస్థలం మీద మేమందరం నిలబడ్డాం.

"పోలీసులకి చెబుదాం" అన్నారు క్యాషియరుగారు.

"ఏమని సెప్తారు?" అన్నాడు మేస్త్రీ గడ్డం గోక్కుంటూ. "తెర పడేసరికి ఎవరి సేతిలో ఉంటే ఆళ్ళది. మన రూలే గదా. అప్పీలు నేదు."

అవతల చప్పట్లు ఎంతకీ ఆగడం లేదు. నిద్రపోయిన న్యాయనిర్ణేత కూడా లేచి కొడుతున్నాడు. ప్రేక్షకుడికీ రంగస్థలానికీ మధ్య గోడని కూలగొట్టిన ధైర్యమైన ప్రయోగమని మైకులో చెప్పారు. నిజమైన వస్తువులు నిజంగా త్యజించడం తన జీవితంలో చూడలేదని ముఖ్య అతిథి కళ్ళు ఒత్తుకున్నారు. ఆ వస్తువులు ఎక్కడివో ఆయన పోల్చలేకపోయాడో, లేక పోల్చే అలా అన్నాడో, నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. మా ఆఫీసుకి మొట్టమొదటి బహుమతి వచ్చింది. ఉత్తమ నటుడు సూపరింటెండెంటుగారు. కప్పు అందుకుంటున్నప్పుడు ఆయన మొహంలో దుఃఖం చూసి జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

సోమవారం సూపరింటెండెంటుగారి గది నుంచి పిలుపు వచ్చింది. ఉద్యోగం పోయిందని నాన్నకి ఎలా చెప్పాలో పొద్దున్న బస్సులోనే మాటలు కూర్చుకుని ఉన్నాను. గదిలోకి వెళ్ళాను. బల్ల మీద కప్పు ఉంది. ఆయన దాన్ని రుమాలుతో తుడుస్తున్నారు.

"ఏ కాగితం చూసి చెప్పావమ్మా ఆ మాట?"

"వింగులో వెలుతురు చాలలేదండీ" అన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు కూడా నా గొంతు గుసగుసే.

ఆయన కప్పుని వెలుతురుకి ఎత్తి, అందులో తన మొహం చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. ఒక ఆశ పోయిన చోట ఇంకొకటి వచ్చి కూర్చోవడం నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"వచ్చే ఏడు కూడా వెలుతురు చాలకుండా చూడు" అన్నారు. "టెంపరరీ మనుషులతో ఇలాంటివి కుదరవు. ఈ రోజున ఉంటారు, రేపు ఉండరు. నీ కాగితం పంపించేస్తున్నాను."

అలా నేను పర్మినెంటు అయ్యాను. నా పనితనం చూసి ఇచ్చారని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పుకోనిచ్చాను. కొత్తగా వస్తున్న వాళ్ళు ఇందులోంచి ఏ నీతి తీసుకోవాలో నాకు తెలియదు. ధైర్యం చేస్తే మంచి జరుగుతుందని చెప్పడానికి మనసొప్పదు. ఆయనకి కప్పు మీద ఆశ లేకపోయి ఉంటే నేనా వారమే ఇంటికి వెళ్ళిపోయేదాన్ని.

తర్వాత కొన్నేళ్ళు మా ఆఫీసు ప్రతి పోటీకీ పోయింది, మళ్ళీ ఎప్పుడూ గెలవలేదు. టార్పాలిన్ల మీద మాత్రం చోటు చాలేది కాదు. ఓడ దగ్గర సరుకెత్తే వించి మీద పనిచేసేవాళ్ళు ట్యాలీ గుమాస్తాని అడిగేవారట: "ఈ ఏడు నాటకమేటి గురువుగారూ? అందులో ఫ్రిజ్జుంటాదా?" ఆయన నాకు అది నవ్వుతూ చెప్పేవాడు. తన నాటకానికి ఆ రోజు ఏమైందో ఎవరు చెప్పారని అడిగితే, మర్నాడు పొద్దున్నే ఓడ దగ్గర కూలీలంతా చెప్పారనీ, ఒకడు ఆఖరి మాట యథాతథంగా అప్పజెప్పాడనీ అన్నాడు. "ఒక్క పొల్లు పోనేదు గుంటా" అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందని మాత్రం నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆయన రిటైరై పెందుర్తి వెళ్ళిపోయి చాలా కాలమైంది. పోయిన ఏడాది ఒక సాయంత్రం గాజువాకలో బస్సు కోసం నిలబడి ఉంటే, కదలబోతున్న పెందుర్తి బస్సు కిటికీలోంచి నన్ను పిలిచాడు. చెంపలు లోపలికి పోయాయి, గొడుగు మాత్రం అలాగే ఉంది. ఇంకో నాటకం రాస్తున్నానన్నాడు. ఈసారి సామాను ఎవరు పంచుకుంటారండీ అని అడిగాను. బస్సు కదిలింది. ఆయన తల బయటికి పెట్టి, కండక్టరు తిడుతున్నా వినకుండా అరిచాడు. ఆ తర్వాత మేము మళ్ళీ కలుసుకోలేదు.

"ఈపాలి నాలుగు బియ్యం బస్తాలెడతాను! నువ్వు మాత్రం అలాగ గుసగుసనాడకు గుంటా. గట్టిగా సెప్పు, ఎనకున్నోళ్ళకి కూడా ఇనబడాల!"